ఎగిరే మనిషిని నమ్మొచ్చు, ఆ ప్రేమను నమ్మాలా?

సూపర్ హీరో సినిమాల్లో లొసుగులు వెదకడం చాలామందికి సరదా. 1978లో వచ్చిన ‘సూపర్‌మ్యాన్’ మీద వేసే ప్రశ్నలు తెలిసినవే. కళ్లజోడు పెట్టుకున్నంత మాత్రాన, అదే ఆఫీసులో పనిచేసే విలేకరి లోయిస్ లేన్ అతన్ని గుర్తుపట్టలేదా? చనిపోయిన ఆమెను బతికించడానికి కాలాన్నే వెనక్కి తిప్పగలిగినవాడు ప్రతి ప్రమాదంలోనూ ఆ పనే ఎందుకు చెయ్యడు?

నిజానికి ఇవి పెద్ద తప్పులు కావు. కథ కోసం మనం అపనమ్మకాన్ని ఇష్టపూర్వకంగా కాసేపు పక్కన పెడతామని ఇంగ్లీషు కవి కోల్రిడ్జ్ 1817లోనే రాశాడు. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖగా మారితే, అదెలా సాధ్యమని మనమెవరమూ అడగలేదు. ఏ కథాలోకం నియమాలు దానివి. ప్రేక్షకులుగా మనం ఆ లోకానికి మన నమ్మకాన్ని అప్పుగా ఇస్తాం. అయితే ఆ అప్పు తీసుకుని కథ మన చేత ఇంకా ఏమేం నమ్మిస్తోందో చూసుకోవాల్సిన అవసరం ఉంది.

2018లో వచ్చిన ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’నే తీసుకుందాం. థానోస్ అనేవాడు గమోరా సొంత ప్రజల్లో సగం మందిని చంపించి, పసిపిల్లగా ఉన్న ఆమెను తీసుకుపోయి కూతురిగా పెంచుతాడు. ప్రేమించిన మనిషిని బలి ఇస్తే తప్ప దక్కని ఒక మహిమగల రాయి కోసం, చివరికి ఆమెనే కొండ మీంచి తోసేస్తాడు. ఇది ప్రేమ కాదని ఆమె చెబుతుంది. కానీ రాయి అతనికి దక్కుతుంది. అంటే అతనిది నిజమైన ప్రేమేనని ఆ లోకపు నియమమే తీర్పు చెప్పిందన్నమాట!

థానోస్ దుర్మార్గుడే కదా, సినిమా అతన్ని మెచ్చుకోలేదు కదా అని కొందరు అనొచ్చు. నిజమే. అతని హింసను తప్పుపట్టిన సినిమా అతని ప్రేమను మాత్రం శంకించలేదు. అసలు లొసుగు అక్కడుంది.

మరుసటి ఏడాది వచ్చిన ‘ఎండ్‌గేమ్’లో అదే రాయి కోసం అదే కొండ మీంచి నటాషా ప్రాణం వదులుతుంది. సృష్టిలో సగాన్ని తిరిగి బతికించిన ఆ కథకు ఆమెను బతికించే దారి దొరకలేదు. టోనీ స్టార్క్‌కు అందరూ తరలివచ్చిన అంత్యక్రియలు చూపించారు. ఆమెకు దక్కింది సహచరుల కొద్దిసేపటి దుఃఖం. 2010 నుంచీ తెర మీదున్న ఆ పాత్ర ప్రధానంగా ఒక సినిమా వచ్చింది 2021లో, అంటే కథలో ఆమె చనిపోయాక!

తెర మీది ఈ తర్కం మనకు కొత్తేమీ కాదు. ‘ప్రేమ ఉండబట్టే కొట్టాడమ్మా’ అన్న సర్దుబాటు మాట ఎన్ని ఇళ్లలో వినలేదు? కాదన్న అమ్మాయి మీద కత్తి ఎత్తినవాణ్ణి మన పత్రికలు ‘ప్రేమోన్మాది’ అంటాయి. ఆ మాటలో నేరం కన్నా ముందు ప్రేమే ఉంది.

అదే స్త్రీ మాట దగ్గరికి వచ్చేసరికి నమ్మకం అప్పు పుట్టదు. ‘సూపర్‌మ్యాన్’ విడుదలైన 1978లోనే మథుర కేసులో, ఒంటి మీద గాయాలు లేకపోవడాన్ని ఒక కారణంగా చూపి సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ నిర్దోషులుగా వదిలేసింది. మనిషి ఆకాశంలో ఎగిరితే సరేనన్న సమాజం, ఒక ఆదివాసీ బాలిక చెప్పిన దాంట్లో మాత్రం లొసుగులు వెదికింది. దానిపై స్త్రీలు చేసిన పోరాటం వల్లే 1983లో అత్యాచార చట్టాన్ని సవరించారు.

కాబట్టి పిల్లల్ని ఈ సినిమాలు చూడొద్దనడం పరిష్కారం కాదు. వాళ్లతో కలిసి చూద్దాం, ఎగరడాన్ని హాయిగా నమ్ముదాం. తర్వాత మన సమావేశాల్లో, కిశోర బాలికల బృందాల్లో రెండు ప్రశ్నలు చర్చకు పెడదాం. ఈ కథ ముందుకు నడవడానికి ఎవరు చావాల్సి వచ్చింది? అది ప్రేమేనని నిర్ణయించింది ఎవరు?