కారు ఇల్లు కాదు

చాలాకాలంగా వ్రాద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. అమెరికాలో తుపాకుల గురించి నోరు విప్పితే చాలు, అవతలివాడు మనల్ని ఏదో ఒక పక్షంలో కూర్చోబెట్టేస్తాడు. అందుకే ముందుగానే మనవి చేసుకుంటున్నాను. తుపాకులన్నిటినీ నిషేధించాలని వాదించడానికి నేను కూర్చోలేదు. నా అభియోగం ఒక్కటే: కారును ఇంటితో సమానం చేసి, తూటాలు నింపిన తుపాకిని దాని అరలో వదిలిపెట్టనిచ్చే రాష్ట్రచట్టాలు తర్కానికీ నిలవవు, అనుభవానికీ నిలవవు.

2009 వేసవిలో మా అమ్మానాన్నలు మొదటిసారి అమెరికా వచ్చారు. అప్పట్లో నేను హెచ్-1బి వీసామీద డాలస్ దగ్గర ఉండేవాణ్ణి. సామాను ఎక్కువగా ఉంటుందని ఒక మిత్రుడి పెద్దకారు అరువు తీసుకొని విమానాశ్రయానికి వెళ్ళాను. కారు పార్కింగులో పెట్టి రెండుగంటలపాటు లోపల ఎదురుచూశాను. తిరుగుప్రయాణంలో నాన్నగారు ముందుసీట్లో కూర్చున్నారు. కళ్ళజోడు తుడుచుకోవడానికి కాగితమేదైనా దొరుకుతుందేమోనని ఎదురుగా ఉన్న గ్లవ్ బాక్సు తెరిచారు.

"ఏరా, ఇది బొమ్మా, నిజందేనా?"

చూద్దును గదా, ఆయన చేతిలో పిస్తోలు! నేను గంటకు 70 మైళ్ళ వేగంతో పోతున్నాను. వెనకసీట్లో అమ్మ ఉంది. "మెల్లగా లోపల పెట్టెయ్యండి నాన్నా" అనడం తప్ప నాకు మరేమీ తోచలేదు.

కారు తిరిగి ఇచ్చేటప్పుడు మిత్రుణ్ణి అడిగాను. "అయ్యో, తీయడం మరిచిపోయానన్నా!" అని నొచ్చుకున్నాడు. ఆ వెంటనే, "అయినా మన రాష్ట్రంలో అది తప్పేమీ కాదులే" అన్నాడు. అతడు చెప్పింది నిజమే. మతిమరుపు ఎవరికైనా సహజం, దాన్ని ఎప్పుడో క్షమించాను. ఇన్నేళ్ళుగా నన్ను వేధిస్తున్నది ఆ రెండోమాట.

పూర్వం టెక్సస్‌లో లైసెన్సు లేనివాడు కారులో చేతితుపాకి ఉంచుకోవాలంటే తాను ప్రయాణంలో ఉన్నానని చెప్పుకోవలసి వచ్చేది. ఎంతదూరం పోతే ప్రయాణమవుతుందో చట్టం నిర్వచించలేదు. ఆ గందరగోళం తీర్చడానికి 2007లో చట్టాన్ని మార్చారు. వాహనం తనదో, తన అధీనంలోనిదో అయి, తుపాకి పైకి కనబడకుండా ఉంటే చాలు, లైసెన్సు అక్కరలేదన్నారు. అదే ఏడాది సెప్టెంబరు 1నుంచే అమల్లోకి వచ్చిన మరో చట్టం, ఆత్మరక్షణ విషయంలో మనిషి ఉన్న ఇంటినీ, వాహనాన్నీ, పనిచేసే చోటునీ ఒకే గాటన కట్టింది. ఉద్యోగులు తాళం వేసిన తమ కార్లలో తుపాకి ఉంచుకుంటే యజమాని సాధారణంగా అడ్డుచెప్పరాదని 2011లో మరో అడుగు వేశారు. 2021లోనైతే, అనర్హత లేని 21 ఏళ్ళు నిండినవారికి బయట తిరగడానికి కూడా లైసెన్సు అవసరం తీసేశారు. నేడు సగానికిపైగా రాష్ట్రాలది ఇదే దారి.

వీటన్నిటికీ వెనక ఉన్న భావన ఒక్కటే, కారు నా ఇంటికి కొనసాగింపు అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ దేశపు న్యాయవ్యవస్థే ఆ మాట ఒప్పుకోదు. మద్యనిషేధం రోజుల్లో, 1925లో, కారల్ కేసులో సుప్రీంకోర్టు ఏమన్నది? ఇంటిని సోదా చేయాలంటే వారంటు కావాలి. కారుకైతే, అందులో నిషిద్ధవస్తువు ఉన్నదని నమ్మడానికి తగిన ఆధారముంటే, వారంటు లేకుండానే సోదా చేయవచ్చు. ఎందుకంటే కారు కదిలిపోతుంది. దాదాపు నూరేళ్ళుగా నిలిచివున్న సూత్రమిది. అంటే, పోలీసు సోదా చేసేటప్పుడు కారు ఇల్లు కాదు. తుపాకి పెట్టుకునేటప్పుడు మాత్రం ఇల్లు! ఏ ఎండకా గొడుగు పట్టడమంటే ఇదే.

ఇక ఆ గ్లవ్ బాక్సు సంగతి. ఒక రాష్ట్రంనుంచి మరో రాష్ట్రానికి తుపాకి తీసుకుపోయేవారికి 1986నాటి ఫెడరల్ చట్టం కొంత రక్షణ కల్పిస్తుంది. బయలుదేరినచోటా, చేరేచోటా ఆ తుపాకి చట్టబద్ధమై ఉండాలి. తూటాలు తీసివుండాలి. తుపాకీగానీ తూటాలుగానీ కూర్చున్నవారి చేతికి అందకూడదు. డిక్కీ లేని వాహనమైతే తాళంవేసిన పెట్టెలో ఉండాలి. గ్లవ్ బాక్సు ఆ పెట్టెకింద లెక్కకు రాదని ఆ చట్టం స్పష్టంగా చెబుతుంది. తుపాకులవాళ్ళ పక్షాన వచ్చిన చట్టమే నమ్మని అరను టెక్సస్ నమ్మమంటోంది.

కారుకు చక్రాలుంటాయన్న సంగతి చట్టసభలు మరిచినా రోడ్డు మరిచిపోదు. 2013లో ఫిలడెల్ఫియాకు చెందిన ఒక తల్లి న్యూజెర్సీలో కారు నడుపుతుండగా పోలీసు ఆపాడు. తనదగ్గర తుపాకి ఉన్నదనీ, పెన్సిల్వేనియా పర్మిట్ ఉన్నదనీ ఆమె తానే చెప్పింది. ఆ పర్మిట్ న్యూజెర్సీలో చెల్లదు. కనీసం మూడున్నరేళ్ళ జైలుశిక్ష పడే నేరం ఆమె మెడకు చుట్టుకుంది. చివరికి 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెడితే బయటపడింది. నది దాటకముందు హక్కు, దాటగానే నేరం!

ఇప్పుడు మనవాళ్ళ దగ్గరికి వస్తాను. హెచ్-1బి, విద్యార్థి, సందర్శకుల వీసాలవంటి వాటిమీద ఉన్నవారు తుపాకి కలిగివుండడం, వేటలైసెన్సువంటి కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే, ఫెడరల్ నేరం. 2022 సవరణ తర్వాత శిక్ష 15 ఏళ్ళదాకా ఉండవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవారు కొనుక్కోవచ్చు. కానీ తుపాకి చట్టాల ఉల్లంఘనలో దోషిగా తేలితే వారినీ దేశంనుంచి పంపించివేయవచ్చు. పైగా, తుపాకి నాది కాదంటే సరిపోదు. ఉన్నదని తెలిసి, మన అధీనంలో ఉంచుకుంటే మనదగ్గర ఉన్నట్టే లెక్క. నాన్నగారు ఆ అర తెరవక ముందు నాకేమీ తెలియదు. తెరిచిన క్షణంనుంచి ఇల్లు చేరేదాకా సందర్శకుల వీసామీద వచ్చిన ఆయనా, స్టీరింగు పట్టుకున్న నేనూ ఎక్కడ ఉన్నామో ఆలోచించండి. ఆ సమయంలో ఒక పోలీసు కారు ఆపి ఇన్సూరెన్సు కాగితం అడిగివుంటే? ఆ కాగితమూ ఆ అరలోనే ఉంది.

అడిగితే ఏమవుతుందో 2016 జులై 6న మిన్నెసోటాలో చూశాం. ఫిలాండో కాస్టిల్‌కు పర్మిట్ ఉంది. కారు ఆపిన పోలీసుతో తనవద్ద తుపాకి ఉన్నదని మర్యాదగానే చెప్పాడు. క్షణాల్లో ఏడు గుండ్లు పేలాయి. కారులో అతడి స్నేహితురాలు, ఆమె నాలుగేళ్ళ కూతురు ఉన్నారు. మరుసటి ఏడు ఆ పోలీసు నిర్దోషి అని జ్యూరీ తేల్చింది. ఆ హత్యకు బాధ్యత కాల్చినవాడిదే, సందేహం లేదు. అయితే, తుపాకితో తిరగమని పర్మిట్ ఇచ్చిన రాష్ట్రం ఆ కిటికీదగ్గర అతణ్ణి కాపాడలేకపోయింది.

కారులో ఎవరూ లేనప్పటి ప్రమాదం వేరు. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కో రేవుకట్టమీద ఒక యువతి ప్రాణం తీసిన పిస్తోలు, ఫెడరల్ అధికారి ఒకరి కారులోంచి చోరీ అయినది. వృత్తిరీత్యా శిక్షణ పొందినవాడి కారుకే ఆ గతి పట్టింది. పోలీసులదాకా వచ్చిన తుపాకి చోరీల్లో ఇప్పుడు సుమారు సగం వాహనాలనుంచేనని, ఎఫ్‌బీఐ లెక్కలను పరిశీలించిన ఎవ్రీటౌన్ సంస్థ తేల్చింది. నేను విమానాశ్రయంలో రెండుగంటలు వదిలివెళ్ళిన కారు అద్దానికి ఒక రాయి చాలు.

అవతలి వాదన నాకు తెలుసు. ఊరికీ ఊరికీ మధ్య 50 మైళ్ళు మనిషి అలికిడి ఉండదు. రాత్రిపూట ఒంటరిగా వెళ్ళే స్త్రీకి దిక్కెవరు అంటారు. ఆ భయం న్యాయమైనదే. ఆమె శిక్షణ పొంది, లైసెన్సు తీసుకొని, తుపాకిని తన ఒంటిమీదే ఉంచుకుంటే నాకు పేచీ లేదు. కానీ ఆమె కారు దిగివెళ్ళాక ఆ అరలోని తుపాకి ఎవరిని రక్షిస్తోంది? తుపాకి బాధ్యతగల మనిషి చేతికింద ఉండాలి, లేదా తాళంకింద ఉండాలి. మూడోచోటు ఉండకూడదు.

ఇది గొంతెమ్మకోరికేమీ కాదు. వదిలివెళ్ళే కారులోని చేతితుపాకిని కనబడకుండా తాళంవేసి ఉంచాలని కాలిఫోర్నియా 2017నుంచీ, గట్టిపెట్టెలో పెట్టి కారుకూ తాళంవేయాలని కొలరాడో 2025నుంచీ చట్టం చేశాయి. ఆ మాత్రం చేయడానికి మిగిలిన రాష్ట్రాలకు చేతులు కాలేదాకా ఆగవలసిన అవసరమేమిటి?

పౌరసత్వం వచ్చాకనో, గ్రీన్‌కార్డు వచ్చాకనో తుపాకి కొనుక్కున్న మిత్రులు నాకూ కొందరున్నారు. వారికి ఒకటే విన్నపం. చట్టం అడగకపోయినా తాళం వేయండి. కారు అరువిచ్చేముందు ఆ అర ఒకసారి తెరిచి చూడండి. అరువు తీసుకునేవారు మొహమాటపడకుండా అడగండి. నేను అడుగుతాను. ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు కూడా. నొచ్చుకుంటే నొచ్చుకోనీండి. ఆనాడు నాన్నగారి వేలు ఆ గుర్రంమీద పడలేదు. అది మా అదృష్టం, చట్టం గొప్పదనం కాదు.