ముగ్గు పోయకముందే లెక్క తేలాలి

ఏ ఊరి మాలపల్లెకో మాదిగవాడకో వెళ్లి చూడండి. బేస్‌మెంట్ దగ్గర ఆగిన ఇళ్లు, కప్పు పడని మొండిగోడలు, వాటి మధ్య మొలిచిన తుమ్మచెట్లు. ఊళ్లో మేడలు కట్టిన మేస్త్రీలు మనోళ్లే, తట్టలు మోసిన ఆడోళ్లు మనోళ్లే. మన ఇంటికాడికి వచ్చేసరికే పని ఎందుకు ఆగుతున్నది? సిమెంటు పిరమైంది, సలాక పిరమైంది అంటాం. నిజమే. కానీ అది సగం నిజం.

ఇందిరా ఆవాస్ యోజన 1985లో మొదలైందే ఎస్సీ, ఎస్టీలకు, వెట్టి నుంచి విడుదలైన కూలీలకు ఇళ్ల కోసం. నలభై ఏళ్లు గడిచాయి. పథకాల పేర్లు మారాయి. ఇప్పటి పద్ధతి: ముందు నువ్వు పెట్టు, తర్వాత బిల్లు ఇస్తం! తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షలు విడతలుగా ఇస్తామన్నారు. మొదటి లక్ష బేస్‌మెంట్ లేచాకనే. కూలికి పోయే కుటుంబం ఆ బేస్‌మెంట్ దేనితో లేపాలి? నూటికి మూడు రూపాయల మిత్తికి లక్ష తెస్తే ఏడాదికి 36 వేలు మిత్తికే పోతయి. ఇల్లు లేవకముందే ఒక గది అప్పులోడి పాలైనట్టు.

రెండో దెబ్బ జాగాది. మనకు పట్టాలిచ్చేది ఎక్కడ? చెరువు శిఖం పక్కన, పల్లంలో, నల్లరేగడిలో. లోతు పునాదికి, మొరం నింపడానికే మొదటి బిల్లు చాలదు. ఇది మేస్త్రీ తప్పు కాదు, సిమెంటు ధరా కాదు. మన వాడను ఊరి పల్లానికి నెట్టిన కులం గీసిన ప్లాను. అందుకే కొట్లాట పట్టా రోజునే మొదలు కావాలి. గట్టినేల ఇవ్వండి, లేదా మెరక చేసి ఇవ్వండి అని నిలదీయాలి. ముగ్గు పోశాక మొత్తుకుంటే వినేవాడుండడు.

ఇక మన చేతుల్లో ఉన్నది. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఇల్లు 400 చదరపు అడుగులు. చుట్టూ గోడ 80 అడుగులు. 40 పొడవు, 10 వెడల్పు పెట్టినా అదే 400, కానీ గోడ 100 అడుగులు. జాగా అంతే, గోడ మాత్రం పావు వంతు ఎక్కువ! వంటగది, స్నానాల గది పక్కపక్కనే ఉంటే పైపు ఖర్చు తగ్గుతది. కేరళలో పనిచేసిన లారీ బేకర్ ఇటుకను అంచు మీద నిలబెట్టి, నడుమ ఖాళీ వదిలి గోడలు కట్టించాడు. నాలుగో వంతు దాకా ఇటుక మిగులుతది, ఖాళీ వల్ల లోపల వేడి తగ్గుతది. ఇటుకలు మాత్రం ఒకే కొలతలో ఉండాలి. వానలకు బట్టీలు ఆగిపోతయి, కనుక ఎండాకాలంలోనే పదిళ్లోళ్లు కలిసి ఇటుక, ఇసుక తెచ్చుకుంటే బేరం మన వైపుంటది.

"పేదోడివి, చిన్నింటితో సరిపెట్టుకో అని మీరూ చెప్తున్నరా?" అని కొందరు అడుగుతారు. కాదు. పెద్దిల్లు మన హక్కే. కానీ ఈ పథకంలో 600 చదరపు అడుగులు దాటితే బిల్లు ఆగుతది. ఊళ్లోని మేడను చూసి కొలత పెంచితే నష్టపోయేది మనమే. పిల్లలు ఎదిగాక పెంచుకునేందుకు ఒక పక్క జాగా వదులుకుందాం. మిత్తికి తెచ్చి కట్టిన గోడ మనల్ని మళ్లీ ఆ ఆసామి గడప ముందే నిలబెడుతది.

కాబట్టి సంఘాల కార్యకర్తలారా, ఇళ్ల లిస్టులో పేరు రాయించడంతో మీ పని అయిపోలేదు. ముగ్గు పోసే ముందు వాడంతా కూర్చోవాలి. మన మేస్త్రీలనే ముందు పెట్టి, ప్రతి ఇంటి కొలతా ఖర్చూ కాగితం మీద రాయాలి. ఆ కాగితం పట్టుకుని మండలాఫీసు ముందు కూర్చుని, బేస్‌మెంట్‌కు ముందే అడ్వాన్సు ఇమ్మని అడగాలి. ఊరందరికీ ఇళ్లు కట్టినోళ్లం. మన ఇంటి లెక్క మనకు రాదా?