దోరమామిడికి కారం తోడైతే...

మే నెలలో ఒక్క ఈదురుగాలి చాలు. రాత్రి నాలుగు చినుకులు పడి గాలి లేచిందంటే తెల్లారేసరికి తోటల్లో చెట్ల కింద కాయలే కాయలు. మర్నాడు అవే బజార్లో బండ్ల మీద గుట్టలుగా కనిపిస్తాయి. చవగ్గా వస్తున్నాయి కదా అని రెండు కిలోలు తెచ్చాక మొదలవుతుంది అసలు చిక్కు. లోపల అప్పుడే పసుపు తిరిగి ఉంటాయి కాబట్టి ఆవకాయకి పనికిరావు. గడ్డిలో వేసి మగ్గపెడదామంటే దెబ్బ తగిలిన చోటల్లా కుళ్లు పడుతుంది. పప్పులో వేస్తే తియ్యగా ఉందని ఇంట్లో పేచీ. పచ్చడికి తీపి ఎక్కువై, పండుకి పులుపు ఎక్కువైన ఈ దోరకాయలకు సరిగ్గా సరిపోయేది తీపికారం సాస్.

ఆదివారం సాయంత్రం పునుగులో సమోసాలో వేస్తే పిల్లల చెయ్యి ముందుగా వెళ్లేది ఎర్ర సీసా మీదికే. ఆ సీసా వెనకవైపు చిన్న అక్షరాలను ఓసారి చదవండి. పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నదాన్ని ముందుగా రాయాలన్నది నిబంధన. పేరులో పండు ఉండి, జాబితాలో మొదట నీళ్లో పంచదారో కనిపిస్తే ఆ సీసాలో పండు పాలెంతో వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో చేసుకుంటే మొదటి పేరు మామిడిదే అవుతుంది.

తీపి, కారం, పులుపు ఒకేచోట కలవడం మనకేం కొత్త కాదు. ఉగాది పచ్చడి నుంచి బెల్లం ఆవకాయ దాకా మన నాలుకకి అలవాటైన రుచే. ఆ మాటకొస్తే కెచప్ అన్న పేరు కూడా ఆసియాదే. దక్షిణ చైనా తీరంలో చేపలను ఊరబెట్టి చేసే రసానికి అలాంటి పేరు ఉండేదని చెబుతారు. అది ఇంగ్లండు చేరి, పుట్టగొడుగులతోనూ అక్రోట్లతోనూ రూపాలు మార్చుకుని, ఎప్పటికో టమాటాకు అంటుకుంది.

సాస్‌కు బంగినపల్లి కన్నా కలెక్టరు కాయ మేలు. చిలక ముక్కులా కొస తేలి, పొడుగ్గా ఉండే ఈ తోతాపురిలో పీచు తక్కువ, కండ ఎక్కువ. పండినా మరీ తియ్యగా ఉండదు. తినడానికి దీన్ని ఎవరూ పెద్దగా ఇష్టపడరు గానీ గుజ్జు ఫ్యాక్టరీలకు ఇదే ప్రాణం. ఆ ఫ్యాక్టరీలు కొనడం తగ్గిస్తే ఏమవుతుందో 2025లో చిత్తూరు జిల్లా చూసింది. ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇస్తే పైన 4 రూపాయలు తాను కలుపుతానని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. మన వంటింటి కిలోన్నరతో రైతు గట్టెక్కడు, నిజమే. కానీ కలెక్టరు కాయ అనగానే మొహం తిప్పుకోవాల్సినంత తక్కువ సరుకేం కాదది.

కిలోన్నర దోరకాయలు తీసుకుంటే తొక్కా టెంకా పోగా దాదాపు కిలో ముక్కలు వస్తాయి. దెబ్బ తగిలిన భాగాన్ని చుట్టూ కాస్త మంచి కండతో సహా కోసి పారేయాలి. బూజు వాసన వచ్చే కాయను మొత్తంగా పక్కన పెట్టాలి. ముక్కల్లో అరగ్లాసు నీళ్లు పోసి, మూతపెట్టి మెత్తగా ఉడికించి, చల్లారాక మిక్సీ పట్టి జల్లెడలో వడగట్టాలి. ఈలోగా పాతిక గ్రాముల ఎండుమిర్చిని గింజలు దులిపి, వేడినీళ్లలో అరగంట నానబెట్టి, చిన్న అల్లంముక్క, పది వెల్లుల్లి రెబ్బలతో కలిపి వెన్నలా రుబ్బుకోవాలి. మిర్చి విషయంలో ఒక చిట్కా. గుంటూరు మిర్చి ఒక్కటే వేస్తే కారం నషాళానికంటుతుంది, రంగు మాత్రం అనుకున్నంత రాదు. సగం గుంటూరుది, సగం వరంగల్ చపాటా వేస్తే చూడముచ్చటైన ఎరుపొస్తుంది. టమాటాలా బొద్దుగా ఉండే ఈ చపాటా మిర్చికి కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

గుజ్జు, మిర్చి ముద్ద, పావుకిలో పంచదార, మూడు టీస్పూన్ల ఉప్పు అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాలి. అల్యూమినియం, రాగి, ఇత్తడి గిన్నెలు వద్దు, పులుపు వాటిని తింటుంది. నాలుగు లవంగాలు, చిన్న దాల్చినచెక్క పల్చని బట్టలో మూటకట్టి అందులో వదిలితే సువాసన దిగుతుంది, పంటికింద పడవు. పంచదార బదులు బెల్లం వేసుకోవచ్చు, కరిగించి వడగట్టాలి. రంగు కాస్త ముదురుతుంది, రుచి మాత్రం బాగుంటుంది. మంట సన్నగా ఉంచి గరిటె ఆడిస్తూ ఉండాలి. చిక్కబడే కొద్దీ ఇది బుడగలు పేలి చిమ్ముతుంది. మామూలు కూర చిందినట్లు కాదు, తీపి కలిసిన గుజ్జు చర్మానికి అతుక్కుని కాలుస్తుంది. పొడుగు గరిటె వాడాలి, మూత ఓరగా పెట్టాలి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు. చల్లటి పళ్లెంలో చుక్క వేస్తే చుట్టూ నీరు ఊరకుండా నిలబడాలి. అదే పాకం.

చాలామంది ఇక్కడే దింపేస్తారు. వెనిగర్ వేస్తే ఘాటు వాసన అనీ, పిల్లలు తినరనీ మానేస్తారు, లేదా పేరుకి ఓ చెంచా వేస్తారు. ఇంత కారం ఉంది, పంచదార ఉంది, ఇంకేం పాడవుతుందిలే అన్న ధీమా ఒకటి. కారం నాలుకను బెదిరిస్తుంది గానీ బూజును బెదిరించదు. పావుకిలో పంచదార జామ్‌లో వేసే పంచదార ముందు ఏ మూలకీ రాదు. ఆవకాయ ఏడాది నిలవుండేది కూడా నూనె ఒక్కదాని వల్లే కాదు. పుల్లటి కాయ, దండిగా వేసే ఉప్పు అసలు కాపలాదారులు. దోరకాయలో ఆ పులుపు సగం పోయి ఉంటుంది, సాస్‌లో ఉప్పు కూడా కొంచెమే. పులుపు చాలని పదార్థాన్ని గాలి ఆడకుండా సీసాలో బిగిస్తే బాట్యులిజం తెచ్చే బ్యాక్టీరియాకు అవకాశం ఇచ్చినట్లే. దాని బీజాలు మరిగే నీటిలోనూ చావవు. అది తయారుచేసే విషానికి వాసన ఉండదు, ప్రాణాల మీదికి తెస్తుంది. పీహెచ్ 4.6 లేదా అంతకు తక్కువ ఉంటే మాత్రం అది పెరగలేదు. పులుపు ఎంత ఎక్కువైతే పీహెచ్ అంత తగ్గుతుంది. వెనిగర్ చేసే పని అది.

కిలో గుజ్జుకు 4 శాతం ఆమ్లం ఉన్న వెనిగర్ 200 మిల్లీలీటర్లు పడాలి. సీసా మీద ఆ శాతం రాసి ఉంటుంది. మొదట్లోనే పోస్తే ఆవిరిలో కొంత పోతుంది కాబట్టి సాస్ చిక్కబడ్డాక పోసి, మరో అయిదారు నిమిషాలు ఉడికించి దింపాలి. వేడిమీద ముక్కుకి తగిలే ఘాటు నాలుగు రోజులు ఊరేసరికి మెత్తబడుతుంది. చేసిన రోజు రుచి చూసి పెదవి విరిచినవాళ్లు వారం తర్వాత సీసా ఖాళీ చేసేస్తారు. పులుపు మరీ అనిపిస్తే ఇంకో రెండు చెంచాల పంచదార కలపండి, వెనిగర్ మాత్రం తగ్గించవద్దు.

సీసాలు గాజువి కావాలి. పది నిమిషాలు నీళ్లలో మరిగించి, బోర్లించి, తడి ఆరిపోయాక సాస్ వేడిగా ఉండగానే పైన అరంగుళం ఖాళీ వదిలి నింపి మూత బిగించాలి. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే ప్రిజర్వేటివ్ అవసరం లేకుండా రెండు నెలలు వాడుకోవచ్చు. పెద్ద సీసా ఒకటి కన్నా చిన్నవి నాలుగు నయం. వాడేది ఒకటి, మిగతావి కదలకుండా ఉంటాయి. బుడగలు లేచినా, మూత ఉబ్బినా, పైన తెల్లగా బూజు కట్టినా సీసా మొత్తం పారేయాల్సిందే. పచ్చడి జాడీలో అలవాటైనట్లు పైపైన తీసేసి కిందది వాడటం ఇక్కడ కుదరదు.

మామిడి కాలం దాటాక అనాసతో ఇలాగే చేసుకోవచ్చు, దానికి సహజంగానే పులుపుంది. బొప్పాయితో చేద్దామని మాత్రం కొందరికి సరదా. దాని పులుపు బొత్తిగా తక్కువ, ఇదే కొలతతో చేస్తే నిలవకు నమ్మకం లేదు. కాస్త చేసుకుని, ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో తినేయడమే మంచిది.

పెసరట్టుకీ, చేప వేపుడుకీ ఇది బాగా నప్పుతుంది. సీసాలు నింపాక గిన్నెకు అంటుకుని మిగిలినదాన్ని కడిగేయకండి. ఆవకాయ కలిపిన బేసిన్‌లో చేసినట్టే, అందులోనే వేడన్నం, కాస్త నెయ్యి వేసి కలిపి ముద్దలు పెట్టండి.