పడమటి పాట: ‘తృప్తిగా ఉందా?’ అని అరిచిన ఇద్దరు



ఈసారి మన శీర్షికలో ఘంటసాల లేరు, బాలమురళి లేరు. కనీసం బీటిల్స్ కూడా లేరు. ఇద్దరంటే ఇద్దరు ఇంగ్లీషు కుర్రాళ్ళు, ఒక గిటారు, కాసిని డ్రమ్ములు, గొంతు చిరిగిపోయేలా కేకలు. అంతే సరంజామా! ‘ఇది కూడా సంగీతమేనా?’ అని మీలో చాలామంది అనుకుంటారని తెలుసు. అయినా కాస్త ఓపిక పట్టండి. ఇంట్లో పదిహేనేళ్ళ పిల్లలున్నవాళ్ళు మరీనూ. వాళ్ళ గది తలుపు తట్టి మాట కలపడానికి ఓ సంగతి దొరుకుతుంది.

ఆల్బమ్ పేరు ‘ఆర్ యూ శాటిస్‌ఫైడ్?’. అంటే ‘తృప్తిగా ఉందా?’ అని అడగడం. 2015 జూన్‌లో విడుదలైంది. పాడినవాళ్ళు ఐజాక్ హోల్మన్, లారీ విన్సెంట్. అప్పట్లో తమ జట్టుకి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘స్లేవ్స్’, అంటే బానిసలు. ఆ పేరు దగ్గరే అసలు కథ ఉంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు వీళ్ళ ఊరి సంగతి. కెంట్ జిల్లాలోని రాయల్ టన్‌బ్రిడ్జ్ వెల్స్. లండన్ నుంచి రైల్లో సుమారు గంట ప్రయాణం. 1606లో అక్కడ ఇనుము కలిసిన నీటి ఊట బయటపడింది. ఆ నీళ్ళు తాగితే రోగాలు పోతాయని పెద్దింటివాళ్ళంతా అక్కడికి కట్టకట్టుకుని వెళ్ళేవారు. 1909లో ఎడ్వర్డ్ రాజుగారు ఊరి పేరు ముందు ‘రాయల్’ అని తగిలించుకోమని అనుమతి ఇచ్చారు. ప్రతి చిన్న విషయానికీ చిరాకుపడి పత్రికలకి ఉత్తరాలు రాసే పెద్దమనిషిని ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ ‘డిస్గస్టెడ్ ఆఫ్ టన్‌బ్రిడ్జ్ వెల్స్’ అని ఆటపట్టిస్తారు. పాత పద్ధతులకి, పరువు మర్యాదలకి అంత పేరుమోసిన ఊరన్నమాట. అలాంటి చోటునుంచి ఇంత గోల పుట్టడమే ఓ తమాషా!

పంక్ అనే ఈ బాణీ ఇంగ్లండులో 1976 ప్రాంతాల్లో ఊపందుకుంది. దేశంలో ఉద్యోగాలు లేవు, ధరలు మండుతున్నాయి. పాటలేమో పది నిమిషాల గిటారు విన్యాసాలతో సామాన్యుడికి అందనంత దూరం పోయాయి. అప్పుడు కొందరు కుర్రాళ్ళు లేచి, మూడు స్వరమేళనలు వస్తే చాలు ఎవరైనా పాట కట్టొచ్చన్నారు. 1976 అక్టోబరులో ‘ద డామ్‌డ్’ జట్టు మొదటి రికార్డు వచ్చింది, 1977లో ‘సెక్స్ పిస్టల్స్’ ఆల్బమ్ వచ్చింది. అక్కణ్ణుంచి ఇక చెప్పక్కర్లేదు.

మనలాంటి వలసవాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన ముచ్చట ఇంకోటుంది. ఆ రోజుల్లో ‘నేషనల్ ఫ్రంట్’ వాళ్ళు మనవంటి రంగు మనుషుల్ని దేశంలోంచి తరిమెయ్యాలని వీధుల్లో ఊరేగింపులు తీసేవారు. వాళ్ళకి ఎదురుగా 1976లో ‘రాక్ ఎగైన్‌స్ట్ రేసిజం’ అనే ఉద్యమం మొదలైంది. 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో ఆ ఉద్యమం తరఫున జరిగిన సభలో ‘ద క్లాష్’ లాంటి పంక్ జట్లు, ‘స్టీల్ పల్స్’ లాంటి రెగ్గే జట్లు ఒకే వేదిక మీద పాడాయి. అంటే, చెవులు మూసుకోవాలనిపించే ఆ చప్పుడు ఒకప్పుడు మన పక్షాన నిలబడిన చప్పుడు కూడా!

ఇక ఆల్బమ్‌లోకి వద్దాం. మొత్తం 13 పాటలు. హోల్మన్ కూర్చుని డ్రమ్ములు వాయించడు. నిలబడి బాదుతూనే పాడతాడు. డప్పు కొడుతూ పాడేవాళ్ళని చూసిన మన కళ్ళకి ఇది కొత్తేం కాదు. దరువు వేసేవాడే కథ చెబితే మాటకో దెబ్బ, దెబ్బకో మాట పడుతుంది. విన్సెంట్ గిటారు ఒంటి చేత్తో ఇల్లు నడిపే ఇల్లాలిలాగా నలుగురి పనీ చేస్తుంది.

మొదట వినవలసింది ‘చియర్ అప్ లండన్’. పొద్దున్నే రైలెక్కి, తలవంచుకుని, పక్కవాడి ముఖం చూడకుండా ఆఫీసుకి పోయే లండన్ జనం మీద విసిరిన వెటకారం అది. ఆ జనంలో మనమూ ఉన్నాం కదండీ! హౌన్‌స్లో, హారో, ఈస్ట్ హామ్ స్టేషన్లలో ఏడింటి బండి కోసం నిలబడే మన ఐటీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ పాట వింటే ఉలిక్కిపడతారు. కూటి కోసం కోటి విద్యలన్నారు గానీ, ఆ కోటి విద్యల్లో నవ్వడం మరిచిపొమ్మని ఎవరూ అనలేదు. ‘డు సమ్‌థింగ్’ అనే పాట, ఊరికే సణుక్కుంటూ కూర్చోకుండా ఏదో ఒకటి చెయ్యమని గద్దిస్తుంది.

ఆల్బమ్ సరిగ్గా సగానికి వచ్చేసరికి ఈ హోరంతా ఆగిపోతుంది. ఆల్బమ్ పేరే పేరుగా ఉన్న ఆరో పాటలో కరెంటు గిటారు లేదు, కేకలు లేవు. మామూలు గిటారుతో మెల్లగా, దగ్గర కూర్చుని అడిగినట్టు అడుగుతారు, తృప్తిగా ఉందా అని. అయిదు పాటల అరుపుల తర్వాత వచ్చిన ఆ నెమ్మదికి ప్రశ్న సూటిగా లోపలికి దిగుతుంది. అరవడం తెలిసినవాడికి ఎక్కడ అరవకూడదో తెలియడం, అదే విద్వత్తు!

ఆల్బమ్ బ్రిటిష్ అమ్మకాల పట్టికలో 8వ స్థానం దాకా వెళ్ళింది. ఆ ఏడాది మెర్క్యురీ బహుమతికి ఎంపికైన 12 ఆల్బమ్‌లలో ఒకటిగా నిలిచింది. బహుమతి మాత్రం బెంజమిన్ క్లెమెంటైన్‌కి వెళ్ళింది.

ఇప్పుడు ఆ పేరు సంగతి. ‘మీరిద్దరూ తెల్లవాళ్ళు, బానిసలని పేరు పెట్టుకోవడమేమిటి?’ అని మొదటినుంచీ అడిగినవాళ్ళున్నారు. రోజువారీ బతుకు చాకిరీకి మనుషులు బానిసలవుతున్నారన్నదే తమ ఉద్దేశమని వీళ్ళు జవాబిచ్చేవారు. ఉద్దేశం అర్థమవుతూనే ఉంది. మన భాషలో దానికి ‘గానుగెద్దు’ అని చక్కని మాటుంది. వాళ్ళు గానుగెద్దులని పేరు పెట్టుకుని ఉంటే ఎవరికీ నొప్పి కలిగేది కాదు. కానీ ‘బానిస’ అనేది పోలిక కోసం పుట్టిన మాట కాదు. అది కోట్లమంది మనుషులు అనుభవించిన నిజం.

ఆ నిజం ఎంత దగ్గరిదో చూడండి. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ 2 కోట్ల పౌండ్ల పరిహారం ప్రకటించింది. ఆ ఏడాది ప్రభుత్వ ఖర్చులో అది సుమారు 40 శాతం. ఆ సొమ్ము బానిసలకి కాదు, యజమానులకి! బానిసలకి దమ్మిడీ దక్కలేదు. దాని కోసం చేసిన అప్పు ఏళ్ళ తరబడి సాగి, చివరికి తీరింది ఎప్పుడో తెలుసా? 2015లో. సరిగ్గా ఈ ఆల్బమ్ వచ్చిన ఏడాదే. ఆ సంగతి 2018లో ఖజానా శాఖవారే బయటపెట్టారు. అంతవరకూ ఇక్కడ జీతం తీసుకుని పన్ను కట్టిన మన తెలుగువాళ్ళ పౌండ్లు కూడా అందులో పడ్డాయన్నమాట.

సంబంధం అక్కడితో ఆగదు. బానిసలు విడుదలయ్యాక మారిషస్ చెరకు తోటల్లో పనిచెయ్యడానికి ఒప్పంద కూలీలుగా ఓడలెక్కినవాళ్ళలో మనవాళ్ళున్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు అక్కడా, బర్మాలోనూ తెలుగువాళ్ళకే పేరైపోయింది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ‘ట్రూరో’ ఓడతో దక్షిణాఫ్రికాకి ఈ వలస మొదలైంది. నెటాల్ చెరకు తోటలకి అలా చేరినవాళ్ళలోనూ తెలుగు కుటుంబాలున్నాయి. మన ఊళ్ళో ‘కూలి’ అంటే పనికిచ్చే డబ్బు, పని చేసే మనిషి. అందులో తిట్టేమీ లేదు. అదే మాట దక్షిణాఫ్రికాలో తెల్లదొర నోట బూతయింది. సూటూ బూటూ వేసుకున్న గాంధీగారిని కూడా ‘కూలీ బారిస్టర్’ అన్నారు. మాట ఒకటే, కానీ ఎవరు ఎవరిని అంటున్నారన్న దాన్నిబట్టి దాని బరువు మారిపోతుంది. ఈ పాఠం మన తాత ముత్తాతలు ఒళ్ళు హూనం చేసుకుని నేర్చుకున్నది.

ఈ ఇద్దరు కుర్రాళ్ళూ ఆ పాఠం దగ్గరికి కాస్త ఆలస్యంగానే వచ్చారు. కానీ వచ్చారు. 2020 జూన్‌లో బ్రిస్టల్ జనం బానిసల వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని పడగొట్టి రేవులో పడేశారు. అతని పేరున్న సంగీతశాల కూడా అదే ఏడాది ‘బ్రిస్టల్ బీకన్’ అయింది. 2022 డిసెంబరులో వీళ్ళు తమ పేరు వదిలేసి ‘సాఫ్ట్ ప్లే’ అయ్యారు. సాఫ్ట్ ప్లే అంటే మనం చిన్నపిల్లల్ని శనివారం తీసుకెళ్ళి వదిలే మెత్తటి ఆటగదే! బాధపెట్టినందుకు, మార్చడంలో ఇంత ఆలస్యం చేసినందుకు క్షమించమన్నారు. పదేళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు అది. రికార్డుల మీద, టీ షర్టుల మీద, మెర్క్యురీ జాబితాలో అచ్చయిన పేరు. వ్యాపారం తెలిసినవాళ్ళెవరూ చేతులారా వదులుకోరు.

పాత అభిమానుల్లో కొందరికి కోపమొచ్చింది. ‘పంక్ అంటే ఎవరికీ తలవంచకపోవడం, మీరు వంచారు’ అని దుమ్మెత్తిపోశారు. వీళ్ళు 2023లో ‘పంక్స్ డెడ్’ అనే పాట కట్టి, ఆ తిట్లనే సరుకుగా వాడుకుని నవ్వేశారు. 2024లో కొత్త పేరుతో ‘హెవీ జెల్లీ’ ఆల్బమ్ తెచ్చారు. చప్పుడు ఏమాత్రం మెత్తబడలేదు.

నన్నడిగితే, ‘తృప్తిగా ఉందా?’ అని 2015లో ఊరందరినీ నిలదీసినవాళ్ళు, ఏడేళ్ళకి ఆ ప్రశ్నని తమకే వేసుకున్నారు. లేదని జవాబు వచ్చినప్పుడు దానికి తగ్గట్టు నడిచారు. తలవంచడమంటే పెద్దవాడి దగ్గర భయపడి వంగడం. నొప్పి పడ్డవాడి మాట విని సర్దుకోవడం తలవంచడం కాదు. ఈ తేడా మన పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. బళ్ళో ఎవరినో ఏదో అని, ‘సరదాకే అన్నాను’ అని ఇంటికొచ్చి చెప్పే వయసు కదా వాళ్ళది! పెద్దవాళ్ళకీ పనికొస్తుంది. కులం పేరు మీద, రంగు మీద, యాస మీద మన విందుల్లో వినిపించే ‘సరదా’ మాటలు తక్కువేం కాదు. అన్నవాడి ఉద్దేశమే ఆఖరి మాటైతే, పడ్డవాడి గోడు వినేదెవరు?

ఎలా వినాలో చెప్పి ముగిస్తాను. ముందు ఆరో పాట ఒక్కటీ వినండి. తర్వాత ‘చియర్ అప్ లండన్’ పెట్టండి. రెండూ అయ్యాక ధైర్యముంటే మొదటి పాట నుంచి వరసగా పదమూడూ కానివ్వండి. కారులో వద్దు, పక్కవాళ్ళు పోలీసుల్ని పిలుస్తారు! పిల్లలతో కూర్చుని వినండి. ‘తృప్తిగా ఉందా?’ అని ఒకసారి వాళ్ళని అడగండి. వాళ్ళూ మిమ్మల్ని అదే అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

వచ్చే సంచికలో మరో పడమటి పాటతో కలుద్దాం. అంతవరకూ సెలవు.