ముఖం మాది, లెక్క మీదా?

దళిత బహుజన కూలీలారా, కార్యకర్తలారా!

గడీల కాలంలో జీతగాని లెక్క దొర బుక్కులో ఉండేది. ఎంత అప్పు, ఎంత వడ్డీ, ఎన్ని దినాల జీతం, అన్నీ దొర రాతే. మనోళ్ల వంతు వేలిముద్ర. ఆ బుక్కు మేమూ చదువుతమన్న నాడే దొరకు దడ పుట్టింది.

ఇయ్యాల ఆ బుక్కు యంత్రంలోకి చేరింది. 2020 జనవరి మున్సిపల్ ఎన్నికల్లో కొంపల్లిలో 10 పోలింగు కేంద్రాల్లో ఓటరు ముఖాన్ని యంత్రంతో పోల్చి చూసిండ్రు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనికాడ రోజుకు రెండుసార్లు ఫొటో దిగితేనే హాజరన్నరు. 2025లో చేయూత పింఛన్లకు ముఖ గుర్తింపు తెచ్చిండ్రు. గూడూరు మండలంలో ముసలవ్వ ముఖం కూడా యంత్రం ముందు పరీక్షకు నిలబడాలె!

ఈ యంత్రాలు ఎట్ల నేర్చినయి, ఎక్కడ తప్పుతయి అన్న లెక్క ఇంగ్లీషు పరిశోధన పేపర్లలో ఉన్నది. 'అది కంప్యూటర్ చదువు, మీకెందుకు' అనేటోళ్లకు మా జవాబు ఒక్కటే: ముఖం మాది, పింఛను మాది, కనుక పేపరూ మేం చదువుతం.

బ్రహ్మవిద్య అని భయపెట్టడం వాళ్లకు పాత అలవాటే. డీప్ లెర్నింగ్ అంటే ఏంది? యంత్రానికి లక్షల ఫొటోలు చూపుతరు, ఒక్కోదానికి పేరు చెప్తరు. తప్పినప్పుడల్లా లోపలి అంకెలు సవరించుకుంటది. 2012లో పేరుమోసిన పేపరులో 12 లక్షల ఫొటోలతో 1000 రకాలు నేర్పిండ్రు. ఆ ఫొటోలకు పేర్లు పెట్టింది ఇంటర్నెట్టులో ముక్కకింత అని పనిచేసిన కూలీలే! యంత్రం కింద కూడా కూలోని చెమటే ఉన్నది. ఇక, సరిగా చూపనిదాన్ని యంత్రం సరిగా పట్టదు.

2018లో జాయ్ బువొలామ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు ఈ సంగతే లెక్కగట్టిండ్రు. ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు కంపెనీల యంత్రాలను 1270 ముఖాలతో పరీక్ష పెట్టిండ్రు. తెల్లని మగవాళ్ల దగ్గర తప్పు నూటికి ఒకటి లేదు. నల్లని ఆడవాళ్ల దగ్గర నూటికి 34.7 దాకా! అందర్నీ కలిపి సగటు తీస్తే ఈ తేడా కనపడదు. దొర భూమిని కలిపి ఊరి సగటు తీస్తే సెంటు జాగ లేని మాదిగోనికీ ఎకరాలొస్తయి గదా! ఆ పేపరు వచ్చినంకనే కంపెనీలు యంత్రాలను దిద్దుకున్నయి.

యూరప్ రోడ్ల ఫొటోలతో నేర్చిన యంత్రానికి మన రోడ్లు అంతుపట్టవని హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 10 వేల ఫొటోలకు పేర్లు పెట్టి 2019లో పేపరు వేసిండ్రు. అందులో ఆటో కూడా ఒక రకం. బండి తొవ్వకు ఇంత జాగ్రత్త! మరి ఎండకు కమిలిన అవ్వ ముఖానికో?

వరంగల్, హైదరాబాద్ కాలేజీల్లో చదివే మన తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సెమినార్ హాల్లో చదివిన పేపరును సెలవులకు వాడకు తీసుకరండి. కమ్యూనిటీ హాలులో తెలుగులో చెప్పండి. నాలుగు ప్రశ్నలు అడగండి: ఫొటోలు ఎవరివి? పేర్లు పెట్టినోళ్లెవరు? ఎవరి మీద ఎంత తప్పింది? పైసలు పెట్టిందెవరు? మీ అమ్మకు అర్థమయ్యేదాక ఆ పేపరు చెప్పినట్టు కాదు.

సర్కారును అడుగుతున్నం: మన పింఛను యంత్రం ఎంతమంది ముఖాలు పట్టలేదో వయసువారీగా, ఆడ మగ వేరుగా, పంచాయతీ గోడ మీద రాయండి. ముఖం పట్టకుంటే పింఛను ఆగొద్దు. తప్పు యంత్రానిది, పస్తు మాదా?

బుక్కు తెరవండి. చదువుతం!

జై భీమ్!