కిట్టు కడితే సృజన కాదా?

"ఆఫీసు అయ్యాక బొమ్మకార్లు అతికిస్తావట, ఈ వయసులో?" అని సాహిత్య మిత్రులు నవ్వుతుంటారు. నవ్వితే నవ్వనీ. దాని వెనకున్న వాదనతోనే నాకు పేచీ: "డిజైన్ వేరేవాడిది. అతికించడంలో సృజన ఎక్కడుంది?"

సరే, మా సిద్దిపేట జిల్లాలోనే ఉన్న చేర్యాలకు పోదాం. నకాషీ చిత్రకారుడికి కథను కులపురాణం ఇస్తుంది, ఎర్రటి నేపథ్యాన్ని సంప్రదాయం ఇస్తుంది. అయినా ఆ పటాన్ని కాపీ అనగలరా? రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి ఆయన బొమ్మకు ముక్కు దిద్దుతాడు. నేను పుట్టీ పెట్టి, ఆరాక ఎమ్రీ పేపర్‌తో రుద్ది బానెట్ దిద్దుతాను. ఒకటి వారసత్వం, ఇంకొకటి పిల్లచేష్టా?

తేడా ఉంది, ఒప్పుకుంటా. ఆయనకది బతుకుతెరువు, నాకు తీరిక. కానీ మీ అభ్యంతరం అది కాదు కదా!

మా బాపు నడిపిన అంబాసిడర్‌కు కిట్టు నాకు దొరకలేదు. అసలు ఆ కారే ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది. దాన్ని మనది చేసింది నడిపిన చేతులు, బాగుచేసిన మెకానిక్కులు. అందుకే ప్లాస్టిక్ షీటు కోసి, 1/24 స్కేల్లో, 18 సెంటీమీటర్ల పొడవున కడుతున్నా. ఎడమ తలుపు మీది సొట్ట కూడా పెట్టా. ఆ సొట్టను ఏ డిజైనరూ గీయలేదు. అది పడిన రోజు నేను ఆ బండిలోనే ఉన్నా.

దీన్ని ఉత్త అతికింపు అంటారా, అనండి. అప్పుడు చేర్యాల పటం ముందు కూడా చేతులు కట్టుకొని నిలబడకండి.