చేను పట్టిన నీటికి వెల యెంత?

వేసవి దినములలో పటాన్‌చెరువు బాటపై నీటి ట్యాంకరులు తిరుగుచుండుట మన పాఠకులు చూచియే యుందురు. ఆ నీటికి వెల యున్నది, రశీదున్నది. బాట కావలి రేగడి చేనిలో తొలకరి వాన యింకినప్పుడు దానికి వెలయు లేదు, రశీదును లేదు. వెల లేనిదానికి విలువయు లేదని మన జమాఖర్చు పుస్తకములు తీర్మానించుకొన్నట్లున్నవి. ఆ తీర్మానము తప్పని మా వాదము.

ఎకరము నేలపై ఒక్క మిల్లీమీటరు వాన కురిసినచో అది రమారమి 4,000 లీటరుల నీరు. నూరు మిల్లీమీటరుల వాన పారిపోక చేనిలోనే నిలిచినచో 4 లక్షల లీటరులు. అనగా 5,000 లీటరులు పట్టు ట్యాంకరులు 80. ఇన్ని ట్యాంకరులను ఏ మెట్టరైతు కొనగలడు? గట్టు సరిగా నున్నచో ఆకాశమే తెచ్చి పోయును.

ఇది ఊహామాత్రము కాదు. 1972లో పటాన్‌చెరువున నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధన సంస్థ తన నల్లరేగడి భూములలో 1976 మొదలు రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన నడిపి చూచినది. పాత పద్ధతిలో వానకాలమంతయు చేను బీడుగా నుండును; పిమ్మట జొన్నయో శనగయో వేయుదురు. క్రొత్త పద్ధతిలో వెడల్పాటి బోదెలు, నడుమ చాళ్లు, మిగులు నీరు మెల్లగా పోవుటకు గడ్డి పెంచిన కాలువలు. వానకాలముననే పైరు, దానితో కంది. దీర్ఘకాలపు సగటున హెక్టారునకు మొదటిదానిలో టన్ను చిల్లరయు, రెండవదానిలో అయిదు టన్నుల దరిదాపును గింజ పండినది. మేలి విత్తనమును ఎరువును కూడ తోడ్పడినవి గాన అంతయు నీటి మహిమయే యని మేము చెప్పము. కాని పదును నిలువని నేలలో విత్తనమేమి చేయును, ఎరువేమి చేయును?

కాలగతి మారినకొలది ఈ విలువ హెచ్చును. 2016 వేసవిలో మంజీరపై సింగూరు జలాశయము అడుగంటినది. ఆ సెప్టెంబరులోనే వరద వచ్చి గేట్లెత్తవలసినది. ఒక్క యేట కరవును వరదయు రెండును చూచితిమి. గాలి వేడెక్కినకొలది ఎక్కువ తేమను పట్టుననియు, వానలు పెల్లుగా కురిసి నడుమ బెట్టలు పెరుగుననియు శాస్త్రజ్ఞులు హెచ్చరించుచున్నారు. అట్టి కాలమున రెండు వానల నడుమ పైరును బ్రతికించునది చేని పదునే.

ఇక న్యాయము సంగతి. కార్ఖానాల వ్యర్థజలములు నక్కవాగును, దాని క్రింది పొలములను, బావులను చెరచినవను వ్యాజ్యము 1990లో సుప్రీంకోర్టునకు పోయినది. రైతులకు నష్టపరిహారమును, గ్రామములకు మంచినీటిని ఈయవలెనని ధర్మాసనము ఆజ్ఞాపించినది. బోరు త్రవ్వువానిని అదుపు చేయుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టమున్నది. న్యాయవాద వృత్తిలో నున్న మాకు ఇందొక వింత తోచుచున్నది. చెరచిన నీటికి వెల కట్టగలిగితిమి. నిలిపిన నీటికి కట్టజాలకున్నాము. చెరచినవాడు చెల్లించుట న్యాయమైనచో, కాపాడినవానికి చెల్లించుట న్యాయము కాదా?

రైతు తన లాభమునకే గట్టు వేసికొనును, ఇతరులేల యీయవలెనని కొందరందురు. గట్టు ఫలము గట్టు దాటిపోవును. మీది చేను నీరు పట్టినచో క్రింది బావి ఊరును. మన్ను కొట్టుకొనిపోదు గాన చెరువు పూడదు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీయుటకు ప్రజాధనము వ్యయమైనది. ఆ మట్టిని రైతులు మరల చేలకు తోలుకొనిరి. మన్ను చేనిలోనే నిలిచినచో ఈ రెండు ఖర్చులలో ఎంతో భాగము తప్పియుండెడిది. మీది చేలే నీరంతయు పట్టినచో చెరువు నిండునా యను శంక సమంజసమే. కావుననే ఒక్కొక్క కమతమునకు గాక, వాగు పరీవాహక ప్రాంతమంతటికిని కలిపి లెక్క కట్టవలెను. శంకరపల్లి మండలములోని కొత్తపల్లిలో 1999 మొదలు ఊరంతయు కలిసి ఇట్లు పనిచేయగా బావులలో నీటిమట్టము పెరిగినది.

మేము కోరునది దానము కాదు. సంగారెడ్డి జిల్లా లెక్కలలో చేలు పట్టిన నీటికి ఒక పద్దు తెరువవలెను. భూగర్భజలమును తోడు కార్ఖానాలు, నింపు రైతులకు అందులో కొంత భాగము చెల్లింపవలెను. గట్లకును నీటికుంటలకును బ్యాంకులు దీర్ఘకాలపు ఋణములీయవలెను. గ్రంథాలయములలో దీనిని చదువు పట్టణవాసులు ఇది రైతు గొడవ యని పుట త్రిప్పరాదు. మన కుళాయిలోని నీరును ఏదో యొక చేని మీదుగా వచ్చినదే. వచ్చు తొలకరికి ముందే ఈ పద్దు తెరువుడని మన ప్రతినిధులను అడుగుట మన బాధ్యత.